బావగారు ఎక్కించిన ప్లాన్, నా పేరు మీద దరఖాస్తు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వివరాలు చాలా ఉన్నాయి కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 32 ఏళ్లు. శ్రీసిటీలో ఉద్యోగం. అమ్మానాన్నలతో కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. కరకంబాడి రోడ్డు వైపు నాన్న ఎప్పుడో కొన్న 50 అంకణాల స్థలం ఉంది. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, తూర్పున రోడ్డు. అనుమతి లేని పాత లేఅవుట్ కావడంతో 2020లో వచ్చిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద డబ్బు కట్టి క్రమబద్ధం చేయించుకున్నారు. లోన్ ఈమె జీతం మీదే రావాలి కనుక స్థలాన్ని నాన్న ఈమె పేరున దాన సెటిల్‌మెంట్ చేశారు. అక్క భర్త సివిల్ ఇంజినీరు, ఎల్టీపీ, అంటే ఇంటి ప్లాన్లు గీసి దరఖాస్తు ఎక్కించడానికి లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు. ప్లాన్ ఆయనే గీసి ఆన్‌లైన్‌లో ఎక్కించారు. ఫైలు మాత్రం షార్ట్‌ఫాల్ (సరిచేయాల్సిన లోపం) అంటూ మళ్ళీ మళ్ళీ వెనక్కి వస్తోంది. రోడ్డు 20 అడుగులే ఉంది, 30 అడుగుల రోడ్డుగా లెక్కేసి మీ వైపు 5 అడుగులు వదలండి అని ఒకటి. ఉత్తరం వైపు సెట్‌బ్యాక్, అంటే హద్దుకూ గోడకూ మధ్య వదిలే ఖాళీ, మీటరు ఉండాల్సింది రెండడుగులే చూపించారని ఒకటి. దక్షిణం వైపు బయటి మెట్లు సెట్‌బ్యాక్‌లోకి వచ్చాయని ఇంకొకటి. పాత కొనుగోలు దస్తావేజు స్కాన్ చదవడానికి రావడం లేదని మరొకటి.

"మా నాయన ఐదడుగులు వదిలేదే లేదంటాడు. నా కష్టార్జితం రోడ్డుకెందుకియ్యాల అంటాడు. బావేమో, టెన్షన్ పడొద్దు, పాసయ్యే ప్లాన్ ఒకటి గీసి ఎక్కిస్తా, అప్రూవల్ వచ్చినాక మనకు కావలసినట్టు కట్టుకుందాం, ఆఫీసులో కొంచెం ఖర్చు పెడితే చాలు అంటున్నాడు. డ్రాయింగ్ చూపించమంటే నీకు అర్థం కాదులే అంటాడు. మాఘంలో ముహూర్తం పెట్టేసినారు. బావను కాదంటే అక్క కాపురంలో మాట వస్తుంది. నాయనను కాదంటే, స్థలం రాసిచ్చినాక కూతురు మారిపోయిందంటారు. దరఖాస్తు నా పేరుతో ఉంది, దాంట్లో ఏముందో నాకే తెలియదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. దరఖాస్తు మీ పేరుతో ఉంది, అందులో ఏముందో మీకు తెలియదు. మిగతా చిక్కుల్లో సగం దీని వల్లే ఇంత పెద్దగా కనిపిస్తున్నాయని నాకు అనిపిస్తోంది. అందుకే నాన్నగారితో, బావగారితో మాట్లాడే ముందు ఆ ఫైలు మీరు కళ్లారా చూడండి.

చూడటం కష్టమేమీ కాదు. బావగారిని దరఖాస్తు నంబరు అడగండి. మన రాష్ట్రంలో ఇంటి ప్లాన్లు డీపీఎంఎస్ అనే పోర్టల్ ద్వారా వెళతాయి. నంబరు ఉంటే ఫైలు ఎవరి దగ్గర ఆగిందో మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. దరఖాస్తులో యజమాని ఫోన్ నంబరు అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎవరి నంబరు ఉందో చూడండి. పని తేలికవుతుందని చాలామంది ఎల్టీపీలు తమ నంబరే ఇచ్చేస్తారు. షార్ట్‌ఫాల్ సంగతి ఇప్పటిదాకా మీకు బావగారి నోటి ద్వారానే తెలుస్తోందంటే కారణం బహుశా అదే. అక్కడ మీ నంబరు పెట్టించండి. ఇది ఆయన మీద అనుమానం కాదు. లోన్ తీసుకునేది మీరు, మెసేజీలు మీకు రావాలి, అంతే.

తర్వాత రెండు కాగితాలు అడగండి: ఎక్కించిన డ్రాయింగ్ పీడీఎఫ్, స్క్రూటినీ రిపోర్టు. ఆ రిపోర్టు చదవడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు, మార్కుల షీటులాగే ఉంటుంది. ఒక వరుసలో ఎంత ఉండాలి, పక్కన మీరు ఎంత చూపించారు, చివర పాసా ఫెయిలా. ఉత్తరం వైపు ఉండాల్సింది 1.00, చూపించింది 0.61, ఫెయిల్. ఇది మీకు అర్థం కాదా? అర్థమవుతుంది. కాదని ఎవరన్నా నమ్మకండి.

డ్రాయింగ్ ఎందుకు వెనక్కి వస్తుందో కూడా కొంచెం తెలిసి ఉంటే మంచిది. ఎల్టీపీ ఆటోక్యాడ్‌లో గీసిన ఫైలును మనుషుల కంటే ముందు సాఫ్ట్‌వేర్ చూస్తుంది. స్థలం హద్దు ఒక లేయర్, రోడ్డు ఒక లేయర్, కట్టే భాగం ఇంకో లేయర్, ఇలా నిర్ణయించిన పేర్లతో మీటర్లలో గీయాలి. హద్దు గీత చుట్టూ తిరిగి వచ్చి మొదలైన చోటును సరిగ్గా తాకాలి. వెంట్రుకవాసి ఖాళీ మిగిలినా విస్తీర్ణం లెక్క రాదు. మన వైపు అంకణం 36 చదరపు అడుగులు కదా, 50 అంకణాలంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు. చదరపు మీటర్లలో అయితే సుమారు 167. దస్తావేజులో అంకణాలు, మాటల్లో గజాలు, డ్రాయింగ్‌లో మీటర్లు. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోయాయో లేదో మీరే ఒక కాగితం మీద లెక్క వేసి చూసుకోండి. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. అటువైపు వాళ్లెవరైనా లెక్క చెబితే దాన్ని పట్టుకోకండి.

ఇప్పుడు మీ షార్ట్‌ఫాల్స్‌కు వద్దాం. దస్తావేజు స్కాన్ సంగతి ఒక పూట పని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని శుభ్రంగా స్కాన్ చేసి ఎక్కిస్తే తీరిపోతుంది. ఉత్తరం వైపు గోడ, దక్షిణం వైపు మెట్లు డ్రాయింగ్‌లో మార్చాల్సినవి. వాటికి బావగారు చాలు. అసలు చిక్కు ఐదడుగులది. దాన్ని ఏ డ్రాయింగూ తీర్చలేదు, మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఇన్నాళ్లూ ఎవరూ ఎదురుగా మాట్లాడలేదు కాబట్టే అది షార్ట్‌ఫాల్ రూపంలో తిరిగి తిరిగి వస్తోంది.

నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది. జీతంలో మిగిల్చి కొన్న నేల అది. 30 అడుగుల వెడల్పున 5 అడుగులంటే 150 చదరపు అడుగులు, నాలుగు అంకణాలకు పైమాటే. ఇప్పటి ధరలో అది చిన్న మొత్తం కాదు. ఆయన కోపాన్ని మొండితనం అనకండి. కానీ ఆయనకు ఇంకో లెక్క కూడా చూపించండి. రిపోర్టు ప్రకారం ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదలాలనుకుందాం. 60 అడుగుల పొడవూ మీదే అయితే ఒక్కో అంతస్తుకు సుమారు 1,210 చదరపు అడుగులు కట్టుకోవచ్చు. ఐదడుగులు వదిలితే సుమారు 1,095. తేడా 115 చదరపు అడుగుల చిల్లర, అంటే ఒక చిన్న గది. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, పూజ గది 1,095లో హాయిగా వస్తాయి. స్థలం పోతోందని వింటే గుండె ఒకలా ఉంటుంది, ఒక చిన్న గది తగ్గుతుందని కాగితం మీద చూస్తే ఇంకోలా ఉంటుంది. బావగారి చేత రెండు ప్లాన్లూ పక్కపక్కన ప్రింటు తీయించి, అన్నం తిన్నాక నెమ్మదిగా నాన్నగారి ముందు పెట్టండి.

మెట్లు బయటే ఎందుకు కావాలంటున్నారో మీరు రాయలేదు. మన ఊళ్లో చాలా ఇళ్లలో పై భాగం అద్దెకిచ్చే ఆలోచనతోనే బయట పెడతారు. మీదీ అదే అయితే, మెట్లను దక్షిణంలోనే ఉంచి గోడ లోపలికి తీసుకుని, దానికి వరండాలోంచి వేరే తలుపు పెట్టొచ్చు. అద్దెకుండేవాళ్లు మీ హాల్లోంచి వెళ్లక్కర్లేదు, వాస్తు కూడా చెడదు. కింద సుమారు వంద చదరపు అడుగులు మెట్లకు పోతాయి. ఆ నష్టం ఉన్నదే.

ఐదడుగులు వెంటనే ఒప్పేసుకోమని కూడా నేను అనను. అడగాల్సినవి అడగండి. మొదట మీ ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ కాగితం బయటికి తీయండి. రోడ్డుకు పోయే భాగం, మిగిలే నికర విస్తీర్ణం అందులో రాసి ఉండే అవకాశం ఉంది. రాసి ఉంటే ఈ ఐదడుగుల సంగతి అప్పుడే ఒప్పుకున్నట్టు లెక్క, ఇప్పుడు వాదించడం కష్టం. రాసి లేకపోతే, ఈ ఐదడుగులు ఏ లెక్కన అడుగుతున్నారో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. మాస్టర్ ప్లాన్‌లో గుర్తించిన రోడ్డు విస్తరణ కోసమైతే టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులుగా వేరేచోట అదనంగా కట్టుకోవడానికి లేదా అమ్ముకోవడానికి ఇచ్చే హక్కు పత్రం) రూపంలో పరిహారం అడిగే దారి ఉంది. కాలనీ దారి వెడల్పు నియమం కోసమైతే, రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు లెక్కేస్తారు. ఆ మధ్య ఎక్కడన్నది ముఖ్యం. ఎదుటివాళ్లు ముందుకు జరిపి గోడ కట్టి ఉంటే, ఇప్పుడు కనిపిస్తున్న దారి మధ్యను పట్టుకుంటే మీ వైపు ఎక్కువ పోతుంది. లేఅవుట్ కాగితంలోని దారిని పట్టి కొలవమని, వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శి, సర్వేయర్ ఇద్దరూ ఉండగా కొలిపించమని అర్జీ పెట్టండి. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. టేపు ఒక చివర ఆయన పట్టుకుంటే, వచ్చిన కొలత ఎంతైనా ఒప్పుకోవడం ఆయనకు సులువవుతుంది. దీనికి సమయం పడుతుంది, మాఘం దాటినా దాటవచ్చు. ఫలితం మీకు అనుకూలంగానే వస్తుందన్న హామీ కూడా లేదు. కానీ అడగకుండా వదిలేశామన్న బాధ ఆయనకు మిగలదు.

ఇక బావగారు చెబుతున్న దారి. పాసయ్యే ప్లాన్ ఒకటి, కట్టే ఇల్లు ఒకటి. ఊళ్లో అందరూ చేసేదే అంటారు, నిజమే, చాలామంది చేస్తారు. అయినా నేను దీన్ని గట్టిగా వద్దంటున్నాను. మీ విషయంలో ఏం జరుగుతుందో చూడండి. దరఖాస్తుతో పాటు, మంజూరైన ప్లాన్ ప్రకారమే కడతానని యజమాని హామీ ఇవ్వాలి. ఆ యజమాని మీరు. నోటీసు వస్తే మీ పేరున వస్తుంది, నాన్నగారి పేరున రాదు, బావగారి పేరున రాదు. మీది బ్యాంకు లోన్. బ్యాంకు డబ్బంతా ఒకేసారి ఇవ్వదు. పునాది, స్లాబు, గోడలు అంటూ దశలవారీగా ఇస్తుంది, ప్రతి దశలో ఇంజినీరును పంపి మంజూరైన ప్లాన్ పక్కన పెట్టుకుని చూస్తుంది. మెట్లు ప్లాన్‌లో లోపల, సైట్‌లో బయట ఉంటే సగం గోడల దగ్గర డబ్బు ఆగిపోవచ్చు. అప్పుడు చేతిలో అద్దె ఇల్లూ ఉంటుంది, ఈఎంఐ కూడా మొదలై ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక ప్లాన్‌కు తేడాగా ఉన్నంత కాలం ఆస్తి పన్ను మీద జరిమానా పడే వీలుంది. అసలు అనుమతే లేని అంతస్తుకైతే అది పన్నుకు సమానంగా ఉంటుంది. రేపు అమ్మాలన్నా, దాని మీద ఇంకో లోన్ తీసుకోవాలన్నా కొనేవాళ్ల లాయరు మొదట అడిగేది ప్లాన్ కాపీయే.

బీపీఎస్ (ప్లాన్‌కు తేడాగా కట్టినవాటిని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం) వస్తుందిలే, అప్పుడు డబ్బు కట్టేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. 2015లో, 2019లో వచ్చిన మాట నిజం. కానీ అలాంటి పథకానికి ఒక కటాఫ్ తేదీ ఉంటుంది, ఆ తర్వాత కట్టినవాటికి వర్తించదు. రోడ్డుకు పోయే స్థలంలో కట్టినదాన్ని క్రమబద్ధం చేయరు. మీ గొడవ ఆ ఐదడుగుల మీదే కదా.

ఇంకో మాట కూడా మీ చెవిన పడి ఉండవచ్చు. 2025లో మన రాష్ట్రంలో సెల్ఫ్ సర్టిఫికేషన్ పథకం వచ్చింది. 18 మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు యజమాని, ఎల్టీపీ తమ బాధ్యత మీద ధ్రువీకరించి త్వరగా అనుమతి తీసుకోవచ్చు. నిజాయితీగా ప్లాన్ పెట్టేవాళ్లకు ఇది చాలా మంచి పథకం. కానీ ముందుగా ఆపి అడిగే మనిషి తగ్గాడంటే, చెప్పిన మాటకు మీ జవాబుదారీ పెరిగిందనే అర్థం. తప్పు వివరాలతో తీసుకున్న అనుమతి రద్దవుతుంది, బావగారి లైసెన్సుకూ ముప్పే. ఈ మాట ఆయనకు చెప్పేటప్పుడు మీ భయంగా కాకుండా ఆయన మీద అక్కరగా చెప్పండి. "బావా, నా ఇంటి కోసం నీ లైసెన్సు పోతే అక్కకు నేను ముఖం ఎలా చూపించాల?" అనండి. ఇది నటన కాదు, మీ ఉత్తరంలో నాకు కనిపించిన భయం ఇదే.

ఆఫీసులో ఖర్చు గురించి రెండే మాటలు. ఫీజులన్నీ ఆన్‌లైన్‌లో కడతారు, రసీదు వస్తుంది. రసీదు లేని డబ్బు ఫీజు కాదు, అది మీరు ఇవ్వకండి, మీ తరఫున ఎవరినీ ఇవ్వనివ్వకండి. మీ షార్ట్‌ఫాల్స్‌లో డబ్బుతో తీరేది ఒక్కటీ లేదు. రెండడుగుల సెట్‌బ్యాక్ ఎవరి జేబు నిండినా రెండడుగులే. అన్నీ సరిచేసి ఎక్కించాక కూడా కారణం చెప్పకుండా ఫైలు ఆపితే, దరఖాస్తు నంబరు, తేదీలు రాసుకుని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. డబ్బు అడిగారని అప్పుడు ధైర్యంగా చెప్పగలగాలంటే ఇప్పుడు మీ ప్లాన్ శుభ్రంగా ఉండాలి.

బావగారు ఒప్పుకోకపోతే? ఎల్టీపీని మార్చుకునే హక్కు మీకుంది. బయటి వ్యక్తికి ఫీజు కట్టాలి, డ్రాయింగ్ మళ్ళీ మొదలవుతుంది, ఇంట్లో కొన్నాళ్లు ముఖాలు మాడ్చుకుంటారు. నేనైతే దాన్ని చివరికి ఉంచుతాను. దానికి ముందు ఒక మధ్యే మార్గం ఉంది. ఇల్లు కట్టించే బాధ్యత బావగారికే ఇచ్చి, ఆన్‌లైన్ ఫైలు మాత్రం వేరే ఎల్టీపీ చేత చేయించడం. ఆయన పెద్దరికం పోదు, మీ కాగితం మీ చేతికొస్తుంది. ఏది చేసినా ముందుగా అక్కతో ఒంటరిగా మాట్లాడండి. బావగారి నోటి వెంట విన్నప్పుడు ఒకలా, మీ నోటి వెంట విన్నప్పుడు ఇంకోలా ఉంటుంది ఈ సంగతి. ఆమెకు స్క్రూటినీ రిపోర్టు చూపించండి. మీరు ఆయన్ని తప్పుపట్టడం లేదని, మీ పేరున హామీ ఉందని ఆమె అర్థం చేసుకుంటే సగం బరువు దిగుతుంది.

నాన్నగారి దగ్గర మీకున్న మొహమాటం వేరు. స్థలం రాసిచ్చారు కాబట్టి ఇక నోరెత్తకూడదని మీరు అనుకుంటున్నారు. ఆయన ఆ స్థలం మీకు రాసిచ్చింది లోన్ మీ పేరున రావడానికి, అంటే ఇరవై ఏళ్లు ఈఎంఐ మీరు కట్టడానికి. ఆ మాట ఆయనకూ తెలుసు. "నాయనా, నువ్వు ఇచ్చిన స్థలంలో నువ్వే ప్రశాంతంగా ఉండాల, నోటీసు వచ్చిన రోజు నీకు బీపీ పెరగకూడదు" అని చెప్పడం కూతురు మారిపోవడం కాదు. ఆయన ఆ రోజు కోప్పడతారు. పడనివ్వండి, మర్నాడు మళ్ళీ మాట్లాడండి.

మాఘ ముహూర్తాన్ని వదులుకోనక్కర్లేదు. ఆ రోజు భూమిపూజ, శంకుస్థాపన చేసుకోండి, దానికి ప్లాన్ అక్కర్లేదు. పునాదులు తవ్వడం మాత్రం అనుమతి చేతికొచ్చాకే. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ మాట స్పష్టంగా చెప్పండి, లేకపోతే పూజ అయిన మర్నాడే గుంతలు తీసేస్తారు.

లోన్ మంజూరు కాగితం మీద గడువు ఉంటుంది, అది ఎప్పటివరకో చూడండి. కొలతల అర్జీ పెట్టినా, ప్లాన్ మార్చినా గడువు దగ్గరపడేలా ఉంటే, అనుమతి దశలో ఉందని రాసి దరఖాస్తు నంబరు జతచేసి, పొడిగింపు కోరుతూ బ్యాంకుకు ముందుగానే లెటరు ఇవ్వండి. గడువు దాటాక అడిగితే ప్రాసెసింగ్ ఫీజు మళ్ళీ కట్టమనవచ్చు.